ఫెడరల్ బిల్డింగ్ గార్డుని. డ్యూటీ గన్‌ని జాకెట్ కింద పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లమంటున్నారు, చట్టం ఒప్పుకుంటుందా?

రాత్రిషిఫ్ట్ (మేరీల్యాండ్), ఆదివారం రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఈ ఫోరంలో పోస్టులు చదువుతున్నాను కానీ ఎప్పుడూ రాయలేదు. ఈసారి సలహా కావాలి, కాస్త త్వరగా.

మేముండేది మేరీల్యాండ్‌లో. నా ఉద్యోగం నది అవతల వర్జీనియాలో, ఒక ఫెడరల్ ఆఫీసు బిల్డింగ్‌లో ఆర్మ్‌డ్ గార్డుగా. జీతం ఇచ్చేది కాంట్రాక్టు కంపెనీ. యూనిఫాం, బ్యాడ్జి, నడుముకి గన్ అన్నీ ఉంటాయి. గన్ కంపెనీదే. షిఫ్ట్ అయ్యాక తూటాలు తీసి, అక్కడే ఒక గదిలో ఉన్న సేఫ్‌లో పెట్టి, రిజిస్టర్‌లో సంతకం చేసి ఇంటికి వస్తాను. ఇన్నేళ్లూ ఇదే పద్ధతి.

వచ్చే సోమవారం నుంచి ఆరు వారాలు ఆ గది మూసేస్తున్నారు, ఏదో రిపేరు పని. మా సూపర్‌వైజర్ షిఫ్ట్ మారేటప్పుడు అందరినీ నిలబెట్టి, "గన్ ఇంటికి తీసుకెళ్లండి, పైన జాకెట్ వేసుకోండి, కనబడకుండా చూసుకోండి" అన్నాడు. మేరీల్యాండ్ పర్మిట్ లేదు కదా అని నేనడిగితే, "నువ్వు కాపలా కాసేది ఫెడరల్ బిల్డింగ్. ఫెడరల్ చట్టం నీకు వర్తిస్తుంది, ఏ రాష్ట్రమూ నిన్నేమీ అనలేదు" అన్నాడు. కాగితం మీద రాసిమ్మంటే అంత అవసరం లేదన్నాడు.

దారిలో అమెరికన్ లీజియన్ బ్రిడ్జి దాటాలి. వారంలో మూడు రోజులు పాపను స్కూల్ ఆఫ్టర్‌కేర్ నుంచి తెచ్చుకునేది నేనే. పాపకి ఏడేళ్లు. ఈ టెన్షన్‌తో రెండు రోజులుగా నిద్ర లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

---

వేణు_ఫ్రిస్కో (టెక్సాస్), సోమవారం ఉదయం 7:15

అన్నా, టెన్షన్ పడకండి. మీ సూపర్‌వైజర్ చెప్పింది లియోసా (లా ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్స్ సేఫ్టీ యాక్ట్) గురించి. 2004లో వచ్చిన ఫెడరల్ చట్టం. దాని కింద సర్వీసులో ఉన్నవాళ్లూ రిటైరైనవాళ్లూ 50 రాష్ట్రాల్లో గన్ దాచి పెట్టుకోవచ్చు, రాష్ట్ర పర్మిట్ అక్కర్లేదు. మా టెక్సాస్‌లో అయితే 2021 సెప్టెంబరు నుంచి మామూలు జనానికే పర్మిట్ తీసేశారు.

---

రిటైర్డ్_డెప్యూటీ (పెన్సిల్వేనియా), సోమవారం ఉదయం 8:02

వేణు గారూ, మీరు మంచి ఉద్దేశంతోనే రాశారు. కానీ ఆ మాట నమ్మి ఈయన బ్రిడ్జి దాటితే జైలుకి పోతాడు. అందుకే ఆఫీసుకి లేటైనా ఇప్పుడే రాస్తున్నాను.

ఒక కౌంటీలో 22 ఏళ్లు డెప్యూటీగా చేశాను. నా జేబులో ఉన్నది లియోసా కార్డే. 2004 జులై 22న ప్రెసిడెంట్ బుష్ సంతకం చేశారు. సర్వీసులో ఉన్న పోలీసులకి సెక్షన్ 926బి, వదిలేసినవాళ్లకి 926సి. అది "సెక్యూరిటీ పని చేసే ప్రతివాడికీ" అనదు. 926బి కింద రావాలంటే ఇవన్నీ ఉండాలి: ప్రభుత్వ సంస్థలో ఉద్యోగి అయి ఉండాలి. నేరాలను ఆపడం, దర్యాప్తు, ప్రాసిక్యూషన్, ఖైదు లాంటి పని చట్టప్రకారం అప్పగించి ఉండాలి. అరెస్టు చేసే అధికారం చట్టంలో రాసి ఉండాలి. గన్ పెట్టుకోమని ఆ సంస్థే అనుమతించాలి. సస్పెన్షన్‌కి దారితీసే క్రమశిక్షణ చర్య నడుస్తూ ఉండకూడదు. సంస్థ పెట్టిన షూటింగ్ పరీక్ష పాసవుతూ ఉండాలి. తాగి ఉండకూడదు. పోలీసు అధికారి అని ఆ సంస్థ ఇచ్చిన ఫొటో కార్డు దగ్గరుండాలి.

రాత్రిషిఫ్ట్ తమ్ముడూ, నీకు మొదటిదే లేదు. నీకు జీతమిచ్చేది కంపెనీ. ఫెడరల్ బిల్డింగులను చూసే ఫెడరల్ ప్రొటెక్టివ్ సర్వీస్‌లో రెండు రకాల మనుషులున్నారు. దాని సొంత ఆఫీసర్లకు అరెస్టు అధికారం చట్టం నుంచే వచ్చింది. మీలాంటి కాంట్రాక్టు గార్డులు దాదాపు 13,000 మంది, వాళ్లకి ఆ అధికారం లేదు. ఎవడైనా గొడవ చేస్తే ఆపి ఉంచి, ఆఫీసర్‌ని పిలవాలి. ఆపి ఉంచడానికీ అరెస్టు చేయడానికీ తేడా ఉంది. లియోసా నిలబడేది ఆ తేడా మీదే.

---

రాత్రిషిఫ్ట్, సోమవారం ఉదయం 8:31

డెప్యూటీ గారూ, చాలా థాంక్స్. ఒక్కటి అడుగుతాను. నా బ్యాడ్జి మీద ప్రభుత్వం పేరు ఉంది కదా. బ్యాడ్జి చూపిస్తే ట్రూపర్ (స్టేట్ పోలీసు) వదిలేస్తాడని తోటివాళ్లంతా అంటున్నారు.

---

రిటైర్డ్_డెప్యూటీ, సోమవారం ఉదయం 8:40

ఒక ట్రూపర్ వదిలేయొచ్చు. తర్వాతివాడు వదలకపోవచ్చు. ఏ రోజు ఎవరు ఎదురవుతారో తెలియకుండా ఆరు వారాలు రోజూ బ్రిడ్జి దాటుతావా? అదీగాక గన్ కేసులో బ్యాడ్జి చూపించి "నేను ఆఫీసర్‌ని" అన్న అర్థం వచ్చేలా మాట్లాడితే అదొక కొత్త నేరం అవుతుంది. దయచేసి ఆ పని చేయొద్దు.

బ్యాడ్జి ఎంత పెద్దదైనా చట్టంలో ఆ మాట ఉండాలి. వాషింగ్టన్ డీసీలో జైలు అధికారులుగా చేసి రిటైరైనవాళ్ల సంగతే చూడు. మీకు అరెస్టు అధికారం లేదు పొమ్మని వాళ్ల డిపార్ట్‌మెంటే సర్టిఫికెట్ ఇవ్వనంది. వాళ్లు కోర్టుకి వెళ్తే, లియోసా హక్కు కోసం దావా వేయొచ్చని 2016లో అక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది. అంటే జీవితమంతా ప్రభుత్వ జీతం తీసుకుని జైలు నడిపినవాళ్లే ఆ ఒక్క మాట కోసం ఏళ్లు పోరాడారు. అమ్‌ట్రాక్ (రైల్వే) పోలీసులు, ఫెడరల్ రిజర్వ్ (కేంద్ర బ్యాంకు) పోలీసులు చట్టం కిందికి వస్తారని స్పష్టంగా రాయించుకోవడానికి 2010 సవరణ కావలసి వచ్చింది. మిలిటరీ చట్టం కింద పట్టుకునే అధికారం ఉన్నవాళ్ల కోసం 2013లో ఇంకో సవరణ. కాంట్రాక్టు గార్డుల కోసం అలాంటి సవరణ లేదు.

---

ఆస్టిన్_శీను (టెక్సాస్), సోమవారం మధ్యాహ్నం 12:20

నేను ఇక్కడ షూటింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. వేణు గారు చెప్పిన 2021 మార్పు గురించి ఒక మాట, ఎందుకంటే నా క్లాసుకి వచ్చే గార్డులు కూడా ఇదే పొరపాటు పడతారు. అది 21 ఏళ్లు నిండిన మామూలు మనిషి సొంత గన్ గురించి. గార్డు డ్యూటీలో ఉంటే అక్కడికి వేరే చట్టం వస్తుంది, ఆక్యుపేషన్స్ కోడ్ 1702వ అధ్యాయం. దాని ప్రకారం కమిషన్డ్ గార్డు (గన్ పెట్టుకునే లైసెన్సున్న గార్డు) అయితే యూనిఫాంలో ఉండి గన్ పైకి కనబడేలా పెట్టుకోవాలి. మామూలు బట్టల్లో గన్ దాచుకోవాలంటే పర్సనల్ ప్రొటెక్షన్ ఆఫీసర్ అని ఇంకో మెట్టు ఉంది, దానికి అదనపు ట్రైనింగ్, వేరే లైసెన్సు. యూనిఫాం వేసుకుని పైన జాకెట్ కప్పితే రెండింటికీ చెడతారు.

కాలిఫోర్నియాలో గార్డులకు రాష్ట్రం ఇచ్చే గన్ పర్మిట్ బయటికి కనబడేలా పెట్టుకోవడానికే. దాచాలంటే షెరిఫ్ దగ్గరో పోలీస్ చీఫ్ దగ్గరో వేరే పర్మిట్ తెచ్చుకోవాలి. బయటికి కనబడే గన్‌ని చూసి జనం భయపడతారు, దాచిన గన్‌ని చూసి చట్టం భయపడుతుంది అని మా క్లాసులో చెబుతుంటాను.

---

లా_చదివిన_లక్ష్మి (మేరీల్యాండ్), సోమవారం సాయంత్రం 6:05

రాత్రిషిఫ్ట్ గారూ, మీ ఊరి పక్కనే ఉంటాను, ఇక్కడి క్రిమినల్ కోర్టుల్లో పని చేశాను. ఇది మీ కేసుకి లాయర్ సలహా కాదు. కానీ చట్టంలో ఏముందో చెప్పగలను.

మేరీల్యాండ్‌లో పిస్టల్‌ని ఒంటి మీద గానీ కారులో గానీ తీసుకెళ్లడం, పర్మిట్ లేకపోతే, నేరం. దాచినా, బయటికి కనబడినా ఒకటే. క్రిమినల్ లా 4-203. ఇక్కడి పర్మిట్ ఇచ్చేది స్టేట్ పోలీసులు, 16 గంటల ట్రైనింగ్ కావాలి. వేరే రాష్ట్రం పర్మిట్ దేన్నీ మేరీల్యాండ్ గుర్తించదు. వర్జీనియావాళ్లు మనవి గుర్తిస్తారు, మనం వాళ్లవి గుర్తించం.

మినహాయింపులు ఉన్నాయి, అసలు మెలిక అక్కడే ఉంది. ఇంటి నుంచి వ్యాపార స్థలానికి, అక్కణ్నుంచి ఇంటికి గన్ తీసుకెళ్లొచ్చని ఒక మినహాయింపు ఉంది. తూటాలు తీసేసి, మూసిన పెట్టెలోనో హోల్‌స్టర్‌లోనో పెట్టి. అది చదివి చాలామంది గార్డులు "నా పని చేసే చోటే కదా" అనుకుంటారు. వాక్యం పూర్తిగా చదవాలి: ఆ వ్యాపారం చాలావరకు మీ సొంతమై, మీరే నడుపుతూ ఉండాలి. షాపు ఓనరుకి అది వర్తిస్తుంది, జీతగాడికి కాదు.

ఇక 1986 నాటి ఫెడరల్ చట్టం ఒకటి ఉంది, రాష్ట్రాల మీదుగా ప్రయాణించేవాళ్ల కోసం. గన్ ఉంచుకోవడం న్యాయమైన చోటు నుంచి న్యాయమైన చోటికి వెళ్తూ, తూటాలు తీసేసి, గన్ గానీ తూటాలు గానీ చేతికందని చోట పెడితే రక్షణ. ట్రంక్ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో, గ్లవ్ బాక్స్ పనికిరాదు. మీ వాదన దాని మీద నిలబెట్టొచ్చు. కానీ అది అరెస్టయ్యాక జడ్జి ముందు చేసే వాదన. రోడ్డు పక్కన రాత్రి పన్నెండింటికి చెప్పుకునేది కాదు. జాకెట్ కింద గన్ ఉంటే ఆ వాదన కూడా పోయినట్టే. మధ్యలో స్కూల్ దగ్గర ఆగితే మరీ కష్టం.

న్యూజెర్సీ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2013లో, పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న ఒక తల్లి, బ్రిడ్జి దాటి న్యూజెర్సీలోకి వచ్చాక పోలీసు ఆపితే, గన్ ఉందని తనే చెప్పింది. అరెస్టయింది. ఆ రోజుల్లోనే న్యూజెర్సీలో ఒక సెక్యూరిటీ గార్డు గ్లవ్ బాక్స్‌లో గన్ ఉందని తనే ఆఫీసరుకి చెప్పి కేసులో ఇరుక్కున్నాడు. ఇద్దరికీ 2015లో గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టారు. ఇద్దరూ నిజాయితీగా నోరు విప్పినవాళ్లే. గవర్నర్ క్షమాభిక్ష దాకా వెళ్లాల్సిన పరిస్థితి మీకు రాకూడదు.

వర్జీనియా వైపు కూడా మీ సూపర్‌వైజర్ చెప్పింది నిలవదు. గార్డు డ్యూటీలో గన్ దాచుకోవాలంటే కంపెనీ స్పష్టంగా అనుమతించాలి, పైగా రాష్ట్ర కన్సీల్డ్ (దాచిన గన్) చట్టానికి లోబడి ఉండాలి అని అక్కడి సెక్యూరిటీ నిబంధనల్లోనే ఉంది. అంటే డ్యూటీలో ఉన్నప్పుడే అంత కట్టడి. డ్యూటీ దిగాక కన్సీల్డ్ పర్మిట్ లేకుండా జాకెట్ కింద పెట్టుకుంటే మీరు అక్కడ మామూలు మనిషే.

ఇంటి విషయం కూడా. 18 ఏళ్లలోపు పిల్లలకి గుండ్లు నిండిన గన్ అందేలా ఉంచడం మేరీల్యాండ్‌లో నేరం, 2023 అక్టోబరు నుంచి ఆ వయసు పెంచారు. మీ ఇంట్లో ఏడేళ్ల పాప ఉంది. ముందు సేఫ్ ఉందా?

---

రాత్రిషిఫ్ట్, సోమవారం రాత్రి 9:50

లేదండీ. ఇంట్లో ఎప్పుడూ గన్ పెట్టలేదు. మా ఆవిడకి ఇష్టం లేదు. లక్ష్మి గారూ, ఆ "సొంత వ్యాపారం" మాట చదివాక ఒళ్లు చల్లబడింది. మా షిఫ్ట్‌లో ఆ నది దాటి వచ్చేవాళ్లం ఐదుగురం ఉన్నాం.

---

కొత్తగా_వచ్చా (నార్త్ కరోలినా), మంగళవారం ఉదయం 6:55

ఇక్కడే అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను హెచ్1బి, నా భార్యకి హెచ్4 ఈఏడీ వచ్చింది. ఒక సెక్యూరిటీ ఏజెన్సీ తనకి గన్ ఉన్న పోస్టు ఇస్తామంటోంది, జీతం ఎక్కువ. చేరొచ్చా?

---

లా_చదివిన_లక్ష్మి, మంగళవారం ఉదయం 7:30

చేరొద్దని చెప్పండి. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు గన్ ముట్టుకోవడమే ఫెడరల్ నేరం, సెక్షన్ 922(జి)(5). హెచ్1బి, హెచ్4, ఎఫ్1 అన్నీ ఇందులోకి వస్తాయి. ఈఏడీ పని చేసుకోవడానికి అనుమతి ఇస్తుంది, గన్ పట్టుకోవడానికి కాదు. గన్ కంపెనీది అయినా, షిఫ్ట్ గంటలే పట్టుకున్నా అంతే. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు చట్టంలో ఉన్నాయి, ఉద్యోగం కోసం వాటి మీద ఆధారపడే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవకుండా ఒక్క అడుగూ వేయొద్దు. కేసు పడితే గ్రీన్ కార్డు కల పోతుంది, దేశం నుంచే పంపేయొచ్చు. గన్ లేని పోస్టు అడగండి.

గ్రీన్ కార్డు వచ్చాక ఆ నిషేధం ఉండదు. ఇంకొకటి, ఇంట్లో గొడవలో కొట్టినట్టు చిన్న కేసులో శిక్ష పడినా గన్ హక్కు పోతుంది. 1996లో వచ్చిన ఈ నిషేధం నుంచి పోలీసులకీ ప్రభుత్వ సెక్యూరిటీ వాళ్లకీ డ్యూటీలో కూడా మినహాయింపు లేదు. మనవాళ్లలో చాలామంది "చిన్న మిస్‌డిమీనర్ కదా" అని ఒప్పేసుకుంటారు. ఆ ఒప్పుకోలు ఉద్యోగాన్నే తీసేస్తుంది.

---

పద్మజ_ఎన్‌జే (న్యూజెర్సీ), మంగళవారం రాత్రి 10:12

ఇదంతా చదువుతుంటే కోపం వస్తోంది, మీ మీద కాదు. మా ఆయన కూడా గార్డే. యూనిఫాంలోనే ట్రైన్ దిగి చీకట్లో పన్నెండు నిమిషాలు నడిచి వస్తాడు. 2020 మే 29 రాత్రి ఓక్లాండ్‌లో డెల్లమ్స్ ఫెడరల్ బిల్డింగ్ దగ్గర వ్యాన్‌లోంచి కాల్చితే ఒక గార్డు చనిపోయాడు, తోటి గార్డు గాయపడ్డాడు. వాళ్లిద్దరూ కాంట్రాక్టు గార్డులే. తూటాకి ఫెడరల్ ఉద్యోగి ఎవరో కాంట్రాక్టు ఉద్యోగి ఎవరో తెలియదు. చావు ముందు సమానమైనప్పుడు చట్టం ముందు ఎందుకు కాకూడదు?

డబ్బు మోసే ఆర్మర్డ్ కారు గార్డుల కోసం 1993లో ఫెడరల్ చట్టం చేశారు. ఒక రాష్ట్రం పర్మిట్ వేరే రాష్ట్రంలో చెల్లుతుంది. బ్యాంకు డబ్బుకి ఉన్న విలువ ప్రభుత్వ బిల్డింగ్‌లోకి వచ్చే జనానికి లేదా?

---

రిటైర్డ్_డెప్యూటీ, మంగళవారం రాత్రి 10:45

పద్మజమ్మా, నీ మాటలో న్యాయం ఉంది. ఆ ఓక్లాండ్ వార్త విన్న రోజు నేను కూడా చాలాసేపు మాట్లాడలేకపోయాను.

కానీ ఒక విషయంలో నీతో ఏకీభవించలేను. ఆర్మర్డ్ కారు చట్టం పని మీద ఉన్న గార్డుకే, ఇంటికి వెళ్తున్నవాడికి కాదు. ఇక లియోసాలోకి గార్డులందరినీ చేర్చాలంటే, కాంట్రాక్టు మారినప్పుడల్లా ఎవరికి అధికారం ఉంది, ఎవరికి పోయింది, షూటింగ్ పరీక్ష ఎవరు పెట్టారు, ఎవరు తప్పారు అన్నది యాభై రాష్ట్రాల ట్రూపర్లకి ఎలా తెలుస్తుంది? మా డిపార్ట్‌మెంట్‌లో ఒకరి మీద విచారణ మొదలైతే ఆ రోజే కార్డు లాక్కునేవాళ్లు. కంపెనీ ఆ పని చేస్తుందా? ఈ కంపెనీ ఒక చిన్న కాగితం కూడా రాసివ్వనంది కదా.

నాకే ఎన్ని హద్దులున్నాయో చూడు. ప్రతి 12 నెలలకీ రేంజ్‌కి వెళ్లి పాసవ్వాలి. ఎవరైనా తమ స్థలంలో గన్ వద్దంటే రాష్ట్రం ఆ హక్కును కాపాడొచ్చు, రాష్ట్ర ప్రభుత్వ బిల్డింగుల్లో, పార్కుల్లో నిషేధించొచ్చు. లియోసా దాన్ని ఆపదు. ఫెడరల్ బిల్డింగ్‌లోకి సొంత పని మీద వెళ్తే గన్ తీసుకెళ్లలేను. స్కూల్‌కి వెయ్యి అడుగుల లోపల ఫెడరల్ నిషేధం నుంచి కూడా ఈ కార్డు తప్పించదు. మనవరాలిని స్కూల్ నుంచి తెచ్చే రోజు గన్ ఇంట్లోనే పెట్టి వెళ్తాను. రిటైరైన ఆఫీసర్లకి తన సొంత పర్మిట్ కూడా కావాలని న్యూజెర్సీ పట్టుబడితే, లియోసా ఉండగా అక్కర్లేదని 2024 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు తేల్చింది. చట్టం వచ్చిన ఇరవై ఏళ్లకి!

---

పద్మజ_ఎన్‌జే, మంగళవారం రాత్రి 11:03

అయితే ప్రభుత్వమే వాళ్లని ఉద్యోగులుగా తీసుకుని, ట్రైనింగ్ ఇచ్చి, అధికారం ఇవ్వాలి. కాపలా మాత్రం వాళ్లతో చేయించుకుని, అధికారం అడిగితే మీరు కంపెనీ మనుషులు అనడం నాకు నచ్చదు. ఈ విషయంలో నా మాట మారదు, అంకుల్.

---

లా_చదివిన_లక్ష్మి, బుధవారం ఉదయం 7:10

పద్మజ గారూ, దారి లేదని కాదు. అణు కేంద్రాల గార్డుల విషయంలో రాష్ట్ర గన్ చట్టాలను దాటే వీలు 2005లో కాంగ్రెస్ ఇచ్చింది. వాళ్లూ చాలాచోట్ల ప్రైవేటు ఉద్యోగులే. అంటే కాంగ్రెస్ తలుచుకుంటే చేయగలదు. మీ కాంగ్రెస్ సభ్యుడికి రాయడానికి ఇదొక మంచి ఉదాహరణ. కానీ అదీ కాపలా పని కోసమే ఇచ్చారు, ఇంటి దారి కోసం కాదు.

---

తెనాలి_తమ్ముడు (ఒహాయో), బుధవారం ఉదయం 9:26

మా నాన్న స్పెషల్ ప్రొటెక్షన్ ఫోర్స్‌లో చేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 1991 చట్టంతో వచ్చిన ఎస్పీఎఫ్, గుళ్లకీ ప్రభుత్వ సంస్థలకీ కాపలా. డ్యూటీ దిగగానే ఆయుధం బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాల గదిలో) అప్పగించి, తూటాలు లెక్కపెట్టి, సంతకం పెట్టాకే బస్సెక్కేవారు. పండగ రోజైనా అంతే. చిన్నప్పుడు "గన్ చూపించు నాన్నా" అని ఏడిస్తే, "అది నాది కాదురా, డ్యూటీది" అనేవారు.

మన దగ్గర ఆయుధాల చట్టం కేంద్రం చేతిలో ఉంది, 1959 చట్టం దేశమంతటికీ ఒకటే. పబ్లిక్ సర్వెంట్‌కి డ్యూటీలో మినహాయింపు అని 45వ సెక్షన్‌లో రాశారు. ఇక్కడ వంతెన దాటితే చట్టం మారిపోతుంది. మనం అక్కడి లెక్కతో ఆలోచిస్తాం, "సర్కారు పనే కదా, ఎక్కడైనా సర్కారే" అని. రాత్రిషిఫ్ట్ అన్నా, ఆ సేఫ్ దొరికేదాకా గన్ తీసుకోవద్దు, ప్లీజ్.

---

వేణు_ఫ్రిస్కో, బుధవారం మధ్యాహ్నం 1:15

నేను మొదట రాసింది తప్పు. రాత్రిషిఫ్ట్ అన్నా, సారీ. డెప్యూటీ గారు వెంటనే చూడబట్టి సరిపోయింది. నా పోస్టు తీసేయమని మోడరేటర్‌ని అడిగాను, కింద దిద్దుబాటు ఉంది కాబట్టి ఉంచితేనే మేలన్నారు.

---

లా_చదివిన_లక్ష్మి, బుధవారం సాయంత్రం 6:40

రాత్రిషిఫ్ట్ గారూ, ఈమెయిల్ పంపండి. కోపంగా వద్దు, ఆరోపణలు వద్దు. మూడే ప్రశ్నలు: డ్యూటీ దిగాక నేను గన్ తీసుకెళ్లడానికి ఏ చట్టంలో ఏ సెక్షన్ అనుమతిస్తుంది? మేరీల్యాండ్‌లో నన్ను ఆపితే కంపెనీ ఏ పత్రం ఇస్తుంది? వీటికి రాతపూర్వక జవాబు వచ్చేదాకా గన్‌ని ఎక్కడ అప్పగించమంటారు? కాంట్రాక్టు చూసే ప్రభుత్వ అధికారికి కాపీ పెట్టండి.

---

రాత్రిషిఫ్ట్, శుక్రవారం రాత్రి 11:58

నిన్న ఉదయం ఈమెయిల్ పెట్టాను, లక్ష్మి గారు చెప్పిన మూడు ప్రశ్నలతోనే. ఐదుగురం సంతకం చేశాం. సూపర్‌వైజర్ మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఇంత చిన్నదానికి పైకి రాయాలా" అని గట్టిగానే అన్నాడు. నేను ఎదురు మాట్లాడలేదు.

సాయంత్రానికి పైనుంచి జవాబు వచ్చింది. ఎవరూ గన్ ఇంటికి తీసుకెళ్లకూడదని రెండు లైన్లు రాశారు. సెక్షన్ ఏదీ చెప్పలేదు. కింది అంతస్తులో తాత్కాలికంగా సేఫ్ పెడతారట, కానీ అది రావడానికి రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా మా ఐదుగురినీ గన్ లేని పోస్టుకి మార్చారు, గంటకి జీతం తగ్గుతుంది. మా ఆవిడకి చెప్తే, "రెండు వారాలేగా, సర్దుకుందాం" అంది.

ఇవాళ పాపను ఆఫ్టర్‌కేర్ నుంచి నేనే తెచ్చాను. బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు ఆగిపోయాం, పక్కనే స్టేట్ పోలీసు కారు. పాప అద్దం దించి ఆయనకి చెయ్యి ఊపింది. ఆయన కూడా ఊపాడు.

సేఫ్ వచ్చాక ఇక్కడ రాస్తాను.